కొల్లేటి గట్టు మీద నుంచి కొన్ని తలకిందుల సలహాలు

ఈసారి పంపకండి. నా మొదటి సలహా ఇదే. ఎవరికి చెప్పినా ముఖం అదోలా పెడతారు.

ఐసీఎంఆర్ ప్రపోజల్స్ పిలిచిన గంటలో ఆ పీడీఎఫ్ కాలేజీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేస్తుంది. "డిపార్ట్‌మెంటుకి కనీసం రెండు వెళ్లాలి" అని పైనుంచి మాట వస్తుంది. చేతిలో కొద్ది వారాలుంటాయి. ఆ కాస్త గడువులోనే ప్రశ్న పుట్టాలి, పాత పేపర్లు చదవాలి, లెక్క కట్టాలి, ఎథిక్స్ కమిటీ కూర్చోవాలి, సంతకాలు పడాలి. మిగతావన్నీ నిద్ర మానుకుని చేయొచ్చు గానీ, తొందరపెడితే ప్రశ్న పుట్టదు. అందుకే చాలామంది ప్రశ్నని అరువు తెచ్చుకుంటారు. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎవరో చేసిన పనికి ఊరి పేరు మార్చి "ఏలూరు జిల్లాలో" అని చేరుస్తారు. రివ్యూయర్‌గా అలాంటివి చదివాను. రెండో పేజీకే తెలిసిపోతుంది.

ఈ ఏడాది పిలుపు ప్రింటు తీసుకోండి, రెండుసార్లు చదవండి, ఫైల్లో పెట్టండి. వచ్చే ఏడాదికి తయారవ్వండి. "ప్రమోషన్ పాయింట్లు పోతాయి కదండీ" అంటారు. పోతాయి, నిజమే. కానీ సరైన ప్రశ్న లేకుండా వచ్చిన గ్రాంటు మూడేళ్లు మెడకి చుట్టుకుంటుంది. ఆ మూడేళ్లలో ఊళ్లలో మనుషుల టైము, రక్తం, నమ్మకం ఖర్చవుతాయి. మన పాయింట్లకన్నా అవి ఖరీదైనవి.

నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. 2020 డిసెంబరు 5, శనివారం. ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. మూడు నాలుగు నిమిషాలు ఫిట్స్, తర్వాత కాసేపు ఏమీ గుర్తుండకపోవడం, వాంతులు, తలనొప్పి, నడుం నొప్పి. పక్కపక్క ఇళ్లలో ఉన్నా ఒకరికి వచ్చింది, ఇంకొకరికి రాలేదు. వారం తిరిగేలోపు ఆరువందలమంది దాటారు. చాలామంది త్వరగానే కోలుకుని ఇళ్లకి వెళ్లారు. ఒకరు చనిపోయారని అధికారిక లెక్క. ఢిల్లీ ఎయిమ్స్, మంగళగిరి ఎయిమ్స్, హైదరాబాదు నుంచి ఎన్ఐఎన్, ఐఐసీటీ, సీసీఎంబీ, ఇంకా నీరి, పుణె వైరాలజీ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అందరూ రంగంలోకి దిగారు. చీఫ్ సెక్రటరీ అధ్యక్షతన 21 మందితో కమిటీ వేశారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. డిసెంబరు 16 నాటి సమీక్షలో పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులన్నారు. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయో తేల్చడానికి ఇంకా పరిశోధన కావాలన్నారు.

ఆ వారమంతా నన్ను వదలని ప్రశ్న ఒకటే. రక్తంలో సీసం ఉందన్నారు, సరే. అవే వీధుల్లో, అదే వయసువాళ్లలో, ఏ గొడవా లేని ఆగస్టు నెలలో ఎంత ఉంటుంది? రోగమొచ్చిన రోజున తీసిన కొలత పక్కన, రోగం రాని రోజున తీసిన కొలత ఒకటి ఉండాలి. అప్పుడే మొదటిదానికి అర్థం వస్తుంది. ఆ రెండో కొలతకి డబ్బు కావాలంటే ఎవరో ఒకరు, పేపర్లో ఏలూరు పేరు రాని ఒక మామూలు సంవత్సరంలో, కూర్చుని దరఖాస్తు రాయాలి. ఇక్కడ ఉండేవాళ్లే రాయాలి. బయటి సంస్థలు రోగం వచ్చాకే వస్తాయి, తగ్గాక వెళ్తాయి. అది వాళ్ల తప్పు కాదు. ముందు సంవత్సరాల పని మనది.

ఇక రాయడం సంగతి. కంప్యూటరు ముందు కూర్చోకండి. పబ్‌మెడ్ తెరిచి ఖాళీ ఎక్కడుందో వెతకడం అందరూ చెప్పే పద్ధతి. నేను చెప్పేది, బండేసుకుని పీహెచ్‌సీకి వెళ్లమని. డాక్టరు గది దగ్గర ఆగకండి, ఫార్మసిస్టు దగ్గరికి వెళ్లండి. ఒక్కటే అడగండి: "ఏ మందు ముందు అయిపోతోందండీ?" కొల్లేటి అంచున ఒక పీహెచ్‌సీలో నేనడిగినప్పుడు, బీపీ మాత్రల పేరో షుగర్ మాత్రల పేరో చెబుతారనుకున్నాను. "దురద ఆయింట్‌మెంటండీ, చెరువుల పట్టుబడి వారాల్లో రెండ్రోజులకే ట్రే ఖాళీ" అన్నారు. పట్టుబడి అంటే తెలుసు కదా. తెల్లవారుజామున జట్టు చెరువులోకి దిగుతుంది, మెడలోతు నీళ్లలో వల లాగుతుంది. సున్నం, బ్లీచింగు, రకరకాల మందులు, కోళ్ల ఎరువు, మేత సంచుల్లోంచి కారిన తవుడు, అన్నీ కలిసిన నీళ్లవి. ఆ నీళ్లలో గంటల తరబడి నిలబడ్డ ఒళ్లు గురించి ఎంత తెలుసు మనకి? ఆ ఒక్క ట్రేలో ఒక ప్రపోజల్ ఉంది. నేను రెండేళ్లు లైబ్రరీలో కూర్చున్నా నాకది దొరికేది కాదు.

ఫార్మసిస్టు తర్వాత ఏఎన్‌ఎం, ఆమె తర్వాత ఆశా. ఆశా దగ్గర మాత్రం కబుర్లలో పెట్టి లాగేద్దామనుకోకండి. ఆమెకి ఇప్పటికే నింపాల్సిన రిజిస్టర్లు బోలెడున్నాయి. ఆమె టైముకి మీ బడ్జెట్లో డబ్బు పెట్టండి. ఆశా చేత ఊరికే సర్వే చేయించుకుని, పేపర్లో చివర కృతజ్ఞతల్లో ఒక ముక్క రాసి సరిపెట్టుకున్నవాళ్లని చూశాను. అది దోపిడీ. ఇంతకన్నా మెత్తని మాట నాకు దొరకడం లేదు.

ప్రశ్న దొరికాక ప్రపోజల్ ముందు తెలుగులో రాయండి. ఈ మాటకి నవ్వినవాళ్లున్నారు. "పోర్టల్లో ఇంగ్లీషే కదా మాస్టారూ, డబుల్ పని ఎందుకు?" అని. ఇంగ్లీషులో మనకి తయారుగా ఉన్న మాటలు చాలా ఎక్కువ. ప్రివలెన్స్, డిటర్మినెంట్స్, హోలిస్టిక్, మల్టీసెక్టోరల్ అని వరసగా పేర్చుకుంటూ పోతే పేజీ నిండుతుంది, ఏం చేయబోతున్నామో మాత్రం మనకే తెలియదు. తెలుగులో ఆ మోసం కుదరదు. "చెరువులో వల లాగే కూలీల్లో నూటికి ఎంతమందికి చర్మం చెడుతోంది? పని దిగేముందు కాళ్లకి నూనె రాసి, ఎక్కాక మంచినీళ్లతో కడుక్కుంటే తగ్గుతుందా?" అని రాశాక ఇక దాక్కోవడానికి చోటుండదు. ఎంతమంది, ఎవరు, ఏ నెలలో, దేంతో పోల్చి, ఎవరు చూసి చెబుతారు అన్నవి వాటంతటవే బయటికొస్తాయి. అమెరికాలో ఎన్ఐహెచ్‌కి దరఖాస్తు పెట్టేవాళ్లు లక్ష్యాలన్నీ ఒకే పేజీలో చెప్పి తీరాలి. పెద్ద గ్రాంటు అనబడే ఆర్‌01కి పరిశోధన వివరం 12 పేజీలు. ఆ ఒక్క లక్ష్యాల పేజీ కోసమే నెలలు కష్టపడతారు. మన పోర్టల్ అడిగినా అడక్కపోయినా మీరూ ఒక పేజీ రాయండి, తెలుగులో. రాసి ఇంట్లో డాక్టరు కానివాళ్ల చేత చదివించండి. అక్కకో, బావగారికో ఇవ్వండి. ఎక్కడ ఆగారో అక్కడ గుర్తు పెట్టండి. రివ్యూయర్ కూడా అక్కడే ఆగుతాడు, కాకపోతే చెప్పడు.

తర్వాత లక్ష్యాలు రాయాలని పుస్తకాలు చెబుతాయి. నేను బడ్జెట్ రాయమంటాను. ముందు ఖర్చు, తర్వాత ఆశయం.

లెక్క వేసి చూపిస్తాను. మనం కొలవబోయేది ఎంతమందిలో ఉందో తెలియనప్పుడు సగం మందిలో ఉందనుకుంటాం. ఐదు శాతం అటూ ఇటూగా తెలియాలంటే 385 మంది కావాలి. ప్రతి కమ్యూనిటీ మెడిసిన్ విద్యార్థికీ ఈ అంకె కంఠతా వచ్చు. చాలా ప్రపోజల్స్ ఇక్కడే ఆగిపోతాయి. కానీ మనం జిల్లా అంతటా చీటీ తీసి మనుషుల్ని ఏరుకోవడం లేదు, ఊళ్లు ఎంచుకుని ఊరి లోపల మనుషుల్ని చూస్తున్నాం. ఒకే ఊరివాళ్లు ఒకే నీళ్లు తాగుతారు, ఒకే చెరువుకి పోతారు, ఒకరినొకరు పోలి ఉంటారు. అందుకని రెట్టింపు చేయాలి: 770. పదిమందిలో ఒకరు ఇంట్లో ఉండరు, ఉన్నా ఒప్పుకోరు. ఆ లోటుకి కూడా కలిపితే 856. ఇద్దరు ఫీల్డ్ స్టాఫ్ కలిసి, రక్తం తీసి, ప్రశ్నలడిగి, రోజుకి ఎనిమిది మందిని పూర్తి చేయగలిగితే గొప్ప. అంటే 107 పనిరోజులు. నెలకి 22 పనిరోజులనుకుంటే ఐదు నెలలు. ఆ ఐదు నెలలూ ఇద్దరి జీతం, బండి, శాంపిల్స్ చల్లగా తెచ్చే పెట్టె, సాయంత్రానికల్లా ఏలూరు ల్యాబుకి చేర్చే మనిషి కావాలి. ఇదంతా కాగితం మీద పెట్టాక మీ నాలుగు లక్ష్యాల్లో రెండు వాటంతటవే రాలిపోతాయి. రాలనివ్వండి. ఒకే ఒక్క లక్ష్యంతో వచ్చిన ప్రపోజల్‌ని నేను చులకనగా చూసిన రోజు లేదు. ఏడు లక్ష్యాలున్నది కనిపిస్తే భయమేసింది.

డబ్బు తక్కువ అడిగితే ఇస్తారన్న నమ్మకం కూడా వదిలేయండి. ఐసీఎంఆర్ చిన్న గ్రాంటంటేనే రెండు కోట్ల దాకా, దానిపైది ఎనిమిది కోట్ల దాకా ఉంటుంది. పది లక్షల్లో ఐదు మండలాలు తిరిగేస్తానని రాస్తే పొదుపరి అనుకోరు, పని తెలియదనుకుంటారు. అలాగని పెద్ద మిషన్ పేరు పెట్టి సగం బడ్జెట్ దానికే కేటాయించకండి. మిషన్ కొనేదాకా జెమ్ పోర్టల్లో, టెండర్లలో ఏడాది గడుస్తుంది. కొన్నాక నడిపే మనిషికి జీతం ఉండదు. కరెంటు హెచ్చుతగ్గులకి బోర్డు పోతే సర్వీసు మనిషి రావాలి. గ్రాంటు అయిపోయాక గుడ్డ కప్పి పెట్టిన మిషన్లు మన కాలేజీల్లో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. ఉన్న ల్యాబుకి పరీక్షకింతని చెల్లించండి. మనుషులకి డబ్బు అడగండి.

క్యాలెండర్ కూడా ఆఫీసు గోడ మీదది పనికిరాదు. కొల్లేరుది కావాలి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇన్ని నీళ్లు ఇటొచ్చి పడితే బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వానాకాలంలో లంక గ్రామాల దారులు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు ఆ నీళ్లు దిగాల్సింది కూడా ఈ కొల్లేటిలోకే. మంజూరు ఉత్తర్వు జూన్‌లో వస్తే మన ప్రపోజల్లో "ఒకటి నుంచి ఆరు నెలలు, డేటా సేకరణ" అని ఉంటుంది, ఊరికి మాత్రం పడవ తప్ప దారి ఉండదు. ప్రపోజల్లో నెలల నంబర్లు వేయకండి, కాలాలు వేయండి: నీళ్లు దిగాక, పట్టుబడి ముమ్మరంగా ఉన్నప్పుడు, ఎండాకాలం నీళ్లు చిక్కబడ్డప్పుడు. సంక్రాంతి వారం వదిలేయండి. ఆ వారం ఊళ్లో అందరూ ఉంటారు గానీ మీ కోసం ఎవరూ ఉండరు.

కొల్లేటి ఊళ్లకి ఇంకో సంగతి ఉంది, అది ఏ గైడ్‌లైన్లోనూ దొరకదు. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యం ప్రకటించారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. ఇన్ని జరిగిన ఊరికి మీ ఫీల్డ్ స్టాఫ్ ట్యాబ్ పట్టుకుని, జీపీఎస్ ఆన్ చేసి వెళ్తే, వాళ్లు ఆరోగ్య సర్వేకి వచ్చారని ఎవరనుకుంటారు? "కాంటూరు కొలవడానికొచ్చారా బాబూ?" అని నన్ను ఎన్ని గట్ల మీద ఆపారో లెక్కలేదు. మొదటి రోజు ఏ పరికరమూ తీసుకెళ్లకండి. ఊరి పెద్దల దగ్గర, మహిళా సంఘం దగ్గర కూర్చుని, ఇళ్ల కొలతలు, చెరువుల కొలతలు ఎవరికీ ఇవ్వమని కాగితం మీద రాసివ్వండి. రాసిన మాట నిలబెట్టుకునేలా మీ డేటా ప్లాన్‌ని కట్టండి. ఇంటి లొకేషన్ అవసరం లేకపోతే తీసుకోనే తీసుకోకండి. అభయారణ్యం లోపల నీటి శాంపిల్, చేప శాంపిల్ తీయాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి ముందుగానే తెచ్చుకోవాలి, దానికి నెలలు పట్టొచ్చు.

కో-పీఐగా పెద్దాయన్ని వెతకమని మీకు చెబుతారు. ఢిల్లీలోనో బెంగళూరులోనో పేరున్న ప్రొఫెసరు సంతకం ఉంటే బరువొస్తుందని. ఆయనకి అలాంటివి ఇరవై ఉంటాయి, మీది ఇరవై ఒకటోది. దానికి బదులు ఏలూరులో రైలెక్కండి, గంటలోపు తాడేపల్లిగూడెంలో దిగుతారు. అక్కడ 2015 నుంచి ఎన్ఐటీ ఉంది. నీటిలో లోహాలు కొలవడం, ఉప్పునీటి చేరిక లెక్కలు, సెన్సర్లు తెలిసిన మనుషులు ఇంజనీరింగ్ కాలేజీల్లో దొరుకుతారు, మెడికల్ కాలేజీల్లో దొరకరు. పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం. తోటలకి ఏ మందు, ఎప్పుడు, ఎంత కొడుతున్నారో రైతు దగ్గర నేర్చుకున్నవాళ్లు అక్కడుంటారు. ఏలూరులో 2023 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా నడుస్తోంది. 2020 డిసెంబరు ప్రశ్నకి కావాల్సిన మూడు విద్యలూ, మందు తెలిసినవాళ్లు, నీళ్లు తెలిసినవాళ్లు, మనిషి తెలిసినవాళ్లు, ఒకే రైలు దారి మీద ఉన్నారు. వాళ్లని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం మీ పని. ప్రపోజల్ రాయడంలో ఇంతకన్నా విలువైన రోజు ఇంకోటి లేదు.

ఇంకో కో-పీఐ ఉన్నాడు, ఆయన పేరు ఫారంలో పట్టదు. మీ కాలేజీ అకౌంట్స్ సెక్షన్ గుమాస్తా. ప్రపోజల్ రాయకముందే ఆయన దగ్గరికి వెళ్లి, జీఎఫ్ఆర్ 12-ఏ నమూనాలో యూసీ (వినియోగ ధ్రువపత్రం) ఎలా నింపుతారో నేర్చుకోండి. అందరూ గ్రాంటు వచ్చాక చూసుకుందామంటారు. నేను దాన్ని ముందే ఖాళీగా నింపి చూడమంటాను. మొదటి విడత ఎంత వచ్చింది, జీతాలకెంత, ప్రయాణాలకెంత, మిగిలిందెంత, వడ్డీ ఎంత అని నింపుతుంటే మీ బడ్జెట్లో లేని గడులు బయటపడతాయి. ఆ వడ్డీ మనది కాదు, ప్రభుత్వ ఖజానాకి తిరిగి కట్టాలి. నాకు తెలిసిన ఒక ప్రాజెక్టులో (ఏ కాలేజీదో అనవసరం) రెండో విడత పదకొండు నెలలు రాలేదు. పని ఆగినందుకు కాదు. ఖర్చు స్టేట్‌మెంట్లో ఒక అంకె, యూసీలో ఇంకో అంకె ఉన్నందుకు. ఆ పదకొండు నెలలూ జీతం లేక ఇద్దరు ఫీల్డ్ స్టాఫ్ మానేశారు. ఊళ్లలో వాళ్ల ముఖాలు చూసే తలుపు తీసేవాళ్లు. కొత్తవాళ్లకి తీయలేదు. ఆ ప్రాజెక్టు అక్కడే చచ్చిపోయింది.

మీ ప్రపోజల్ ఎలా ఓడిపోవచ్చో అందులోనే రాయండి. ఇది చెప్పినప్పుడు పెద్దలు మందలిస్తారు, మన లోపం మనమే చెప్పుకుంటామా అని. పశ్చిమ గోదావరిలోనే జరిగిన ఒక పెద్ద పని చూడండి. స్మార్ట్‌హెల్త్ ఇండియా అని, ఆస్ట్రేలియా ఫెడరల్ ప్రభుత్వపు ఆరోగ్య పరిశోధన మండలి ఎన్‌హెచ్‌ఎంఆర్‌సీ డబ్బుతో, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేశారు. 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశాలకి ట్యాబ్‌లు ఇచ్చి గుండెజబ్బు ముప్పు లెక్కగట్టించారు, డాక్టర్లకి ఆ వివరాలు చేరే ఏర్పాటు చేశారు. ఫలితం 2019లో అచ్చయింది. రక్తపోటు అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో, ఆ ఏర్పాటు ఉన్నచోటికీ లేనిచోటికీ స్పష్టమైన తేడా రాలేదు. తేడా రాలేదని దాచుకోకుండా అచ్చు వేశారు. గోదావరి ఊళ్లలో ఇంకో పని చేయబోయే ప్రతివాడికీ ఆ మాట పెట్టుబడి. ఆశా పట్టుకుంది, పేరు రాసింది, పంపింది, ఆ తర్వాత గొలుసు ఎక్కడ తెగింది? డాక్టరు ఖాళీ పోస్టు దగ్గరా, మాత్రల సరఫరా దగ్గరా, మందు మానేసే మనిషి దగ్గరా? మీ ప్రపోజల్ అక్కడి నుంచి మొదలుకావచ్చు. అంతకుముందు అదే సంస్థ, బైర్రాజు ఫౌండేషన్‌తో కలిసి, ఉభయగోదావరి జిల్లాల 45 గ్రామాల్లో మరణాల కారణాలు రాసిపెట్టింది. పల్లెల్లో అంటురోగాలే చంపుతున్నాయన్న నమ్మకాన్ని 2006లో అచ్చయిన ఆ లెక్క తిరగేసింది. దీర్ఘరోగాలే ముందున్నాయి. ఈ రెండూ చదవకుండా ఈ జిల్లాల్లో గుండె మీద, బీపీ మీద ప్రపోజల్ రాయడం నేరమని నా ఉద్దేశం.

ఎథిక్స్ కమిటీలో కఠినంగా అడిగే మనిషి ఉంటే ఆ మీటింగు తప్పించుకోవాలని చూడకండి, ఆ మనిషి వచ్చే రోజే కావాలని అడగండి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో ఏడు నుంచి పదిహేను మంది ఉంటారు, అధ్యక్షులు బయటివారై ఉండాలి, వైద్యం తెలియని మామూలు మనిషి ఒకరు ఉండాలి. ఆ మామూలు మనిషి మాటే నాకు ముఖ్యం. ఒక రిటైర్డ్ టీచరుగారు నా సమ్మతి పత్రం చదివి, "ఇందులో రిజల్ట్ ఎప్పుడు చెబుతారో లేదేంటండీ?" అన్నారు. అప్పటిదాకా నాకది తట్టలేదు. తర్వాత ఒక లంక గ్రామంలో ఓ ముసలావిడ అడిగింది: "పోయినేడు తీసుకెళ్లిన నెత్తురు ఏం చెప్పింది బాబూ?" ఆమె దగ్గర రక్తం తీసింది మా జట్టు కాదు. అయినా తలెత్తి జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి నా ప్రతి బడ్జెట్లో ఒక గడి పెట్టాను: ఫలితాలు తెలుగులో అచ్చు వేయించి ఇంటింటికీ ఇవ్వడానికి, ముప్పు తేలినవాళ్లని ఆస్పత్రికి చేర్చడానికి. రివ్యూయర్లు ఆ గడి కొట్టేసిన సందర్భం ఒక్కటీ లేదు.

కొత్తగా చేరినవాళ్లకి ఒక మాట. మీ మొదటి గ్రాంటు మీ పేరు మీద రాకూడదు, మీ విద్యార్థి పేరు మీద రావాలి. ఎంబీబీఎస్ పిల్లల కోసం ఐసీఎంఆర్ 1979 నుంచి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ నడుపుతోంది. రెండు నెలల పని, మీరు గైడు. పట్టుబడి కూలీల్లో యాభైమందిని చూడండి చాలు. ప్రశ్నావళిలో ఏ ప్రశ్నకి జనం నవ్వుతున్నారో, ఏ ప్రశ్నకి అబద్ధం చెబుతున్నారో తెలుస్తుంది. రేపు పెద్ద ప్రపోజల్లో "పైలట్ చేశాం" అన్న వాక్యం నిజంగా రాయొచ్చు.

తిరస్కారం వస్తుంది. నాకు వచ్చినవే ఎక్కువ. ఆ ఉత్తరానికి వెంటనే జవాబు రాయకండి, నెల రోజులు ముట్టుకోకండి. తర్వాత దాన్నీ తెలుగులోకి రాసుకోండి. కోపం పోతుంది, వాళ్లన్న మాట కనిపిస్తుంది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు చదువుకి విదేశం వెళ్లడానికి కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయపడింది. గ్రాంటు అన్నా అదే, చేసేవాడికి అండగా నిలవడం. ఆయన లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పని నుంచి బోదకాలుకి మందు వచ్చింది, డీఈసీ. ఆయన 1948లో పోయారు. బోదకాలు కార్యక్రమం కింద ప్రభుత్వం ఇంటింటికీ మింగించే మాత్రల్లో ఆ మందు ఉంది. ఈ డెల్టా దోమలతో, ఈ డెల్టా కాళ్లతో పెరిగిన మనిషి నుంచి ఆ మందు వచ్చింది. ఇక్కడి ప్రశ్నకి ఇక్కడి మనిషి కావాలని నేను మొండికేయడానికి ఇది కూడా ఒక కారణం.

ఆఖరి తేదీ సంగతి. పోర్టల్లో ఉన్న తేదీ మీది కాదు, దానికి పది రోజుల ముందు రోజు మీది. ఆఖరి రాత్రి సర్వర్ తిరుగుతూనే ఉంటుంది, సంస్థ అధిపతి ఊళ్లో ఉండరు, స్కాన్ చేసిన సంతకం ఫైలు సైజు ఎక్కువై ఎక్కదు. పది రోజుల ముందు పంపేసి, ఆ మిగిలిన రోజుల్లో ఊరెళ్లండి. ఆ తెలుగు పేజీ ప్రతులు తీయించి ఏఎన్‌ఎంకి ఒకటి, ఆశాకి ఒకటి, ఫార్మసిస్టుకి ఒకటి, గట్టు మీద మిమ్మల్ని ఆపి కాంటూరు గురించి అడిగిన మనిషికి ఒకటి ఇవ్వండి. గ్రాంటు వస్తుందో రాదో తెలియదని వాళ్లకి చెప్పండి. రాకపోతే ఆ సంగతి కూడా మీరే వెళ్లి చెబుతానని మాటివ్వండి. నీళ్లు దిగాక దారి తేలుతుంది, అప్పుడు బయల్దేరండి.